కాఫీకి ముందర నీళ్ళు

కాఫీ మీద మూత పెట్టాలని మొట్టమొదట ఎవనికి తోచిందో వాణ్ణి నాకొకసారి చూపించండి. కొట్టను, తిట్టను. మే నెల మధ్యాహ్నం నా ఆటోలో కూర్చోబెట్టుకోని, పైన టాపు పీకేసి, అనంతపురం అంతా ఒక చుట్టు తిప్పుకోనొస్తా. మూత యాడ కావాల్నో, యాడ అక్కర్లేదో వానికే తెలిసొస్తాది.

ఈ కోపం నాకు శ్మశానంలో వచ్చింది. శ్మశానంలో వైరాగ్యం వస్తాదని పెద్దలంటారు. అది చదువుకున్నోళ్ళకు వచ్చేదేమో. నేను ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టి లారీ క్లీనరుగా ఎక్కినోణ్ణి. నాకు కోపమే వచ్చింది.

పోయినాయన నాకు చుట్టమేం కాదు. నేను మామా అని పిలిచేవాణ్ణి, ఆయన నన్ను "ఒరే ఆటో" అని పిలిచేవాడు. మా మధ్య మర్యాద అంతవరకే. మొన్న ఆయన మూడో దినం. పూడ్చిన కాడ మట్టి మీద అరిటాకు పరిచి, నాయనకు ఇష్టమైనవన్నీ కొడుకు వరసగా పెట్టినాడు. ఉగ్గాని, మిరపకాయ బజ్జి, రాగిముద్ద, చెనిక్కాయల చట్నీ, ఓళిగ, ఒక బీడీ కట్ట. ఒక్కటీ తప్పు లేదు. వాటన్నిటి మధ్యలో పెండ్లికొడుకు మాదిరి ఒక కాగితం కప్పు. దాని నెత్తిన ప్లాస్టిక్ మూత. కప్పు మీద నల్ల పెన్నుతో ఆయన పేరు.

ఆ పేరు నేను ఈడ రాయను. ఎందుకు రాయనో మీకే తెలుస్తాది.

మామ పని బోర్లకు పాయింటు పెట్టేది. మా జిల్లాలో వానదేవుని కంటే బోరు లారీకే ఎక్కువ టెంకాయలు కొడతారు. ఆ లారీ కంటే ముందు మామ రావల్ల. చెప్పులు గట్టు మీద ఇడిచి, అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకోని, చేను ఈ మూల నుంచి ఆ మూలకు నడిచేవాడు. నీళ్ళున్న కాడ కాయ లేచి నిలబడతాది. రైతు ఆడ రాయి పెట్టుకుంటాడు.

"లేచేది కాయనా, నీ వేళ్ళా మామా?" అని నేను చానాసార్లు అడిగినా.

"కాయను అడుగు. నన్నెందుకు అడుగుతావు?" అనేవాడు.

ఉన్నమాట చెప్పాలంటే, ఆయన రాయి పెట్టించిన చోట నీళ్ళు పడిందీ ఉండాది, దుమ్ము లేచిందీ ఉండాది. నీళ్ళు పడితే "మామ చెయ్యి" అనేవాళ్ళు. దుమ్ము లేస్తే "మా కర్మ" అనేవాళ్ళు. ఇంత సుఖమైన ఉద్యోగం కలెక్టరుకు కూడా లేదు మామా అని నేను ఎగతాళి చేస్తే, "కలెక్టరును ఎండలో ఉత్తకాళ్ళతో నడవమను, చూద్దాం" అనేవాడు.

ఆయనకు ఫోను లేదు. "ఎందుకు పెట్టుకోవు మామా, బోరు ఎండినోళ్ళంతా ఫోన్ చేస్తారని భయమా?" అని అడిగితే, "నీకుండాది గదా ఫోను, నీకెవరు చేస్తాండారు?" అన్నాడు. ఆయన అడ్రసు ఒక్కటే, కాలేజీ రోడ్డులో ఉడిపి హోటల్లో కిటికీ పక్క బల్ల. ఏ పల్లె రైతయినా బస్సు దిగి నేరుగా ఆ బల్ల కాడికి వచ్చేవాడు. నా ఆటోస్టాండు ఆ హోటలుకు ఎదురుగ్గా. ఆయన్ని చేలకు తీసకపోయేది నేనే.

హోటలు నడిపేది ఒక కన్నడాయన. సామీ అనేవాళ్ళం. ఆ హోటల్లో ఒక పద్ధతి ఉండేది. మనిషి కుర్చీలో కూర్చుంటానే స్టీలు గ్లాసుతో నీళ్ళొచ్చి బల్ల మీద టక్కుమని పడాల. ఏం కావల్లని అడిగేది ఆమీట. నీళ్ళు తాగి, ఏమీ తినకుండా లేచిపోయినా ఎవరూ ఏమనరు. బస్సుకు ఇంకా టైముండాదని ఉత్త నీళ్ళకే వచ్చి కూర్చునేవాళ్ళు ఎంతమందో. దానికి ధర్మమనీ దానమనీ ఎవరూ పేరు పెట్టలా. ఎండలో పడి మనిషొచ్చినాడు, నీళ్ళిస్తారు. అంతే.

మామకు ఆ పద్ధతి మీద ఉండే పట్టుదల చూస్తే మీకు నవ్వొస్తాది. ఒకరోజు సర్వరు కొత్తోడు, కాఫీ ముందు పెట్టి నీళ్ళు మర్చిపోయినాడు. మామ కాఫీ ముట్టుకోలా. గోడకేసి చూస్తా కూర్చున్నాడు.

"చల్లారిపోతాంది మామా," అన్నా.

"చల్లారనీ. అది వెనక రావల్సిన చుట్టం. ముందొచ్చి కూర్చుంటే ఎట్లా పలకరిస్తాం?"

నీళ్ళొచ్చినాయి. సగం తాగినాడు. అప్పుడు కాఫీ వైపు తిరిగి "ఊ, ఇప్పుడు రా" అన్నాడు. ఎవరితో మాట్లాడినా అదే వరస. రైతు బస్సు దిగొచ్చి "అన్నా, మూడు బోర్లు పోయినాయి..." అని గోడు మొదలుపెడితే చెయ్యి అడ్డం పెట్టేవాడు. "ముందు నీళ్ళు తాగు. గోడు యాడికీ పోదు."

కాఫీ తాగేది కూడా చూడాల్సిందే. గ్లాసు పెదవికి తగలనిచ్చేవాడు కాదు. పొగలు కక్కే కాఫీని జానెడు పైకెత్తి సన్నటి ధారగా గొంతులోకి వదిలేవాడు. చుక్క కింద పడేది లేదు, గొంతు కాలేది లేదు. "ఏం మామా, గొంతులో బోరు కేసింగ్ పైపు దించినారా?" అంటే, గ్లాసు దించి, మీసం తుడుచుకోని, "నీ గొంతులో దించల్ల, మాటలన్నా లోపలికి పోతాయి" అనేవాడు. ఒక్కో దినం నాకూ ఆయనకూ కలిపి బై టూ. ఒక కాఫీ, రెండు గ్లాసులు. నా గ్లాసులో నురగ ఎక్కువ, ఆయన గ్లాసులో కాఫీ ఎక్కువ పడేది. ఎట్లా పడేదో ఈరోజుకూ నాకు తెలీదు. పోసేది ఆయనే మరి.

మామ కొడుక్కు స్టేషన్ రోడ్డులో ఫాస్ట్ ఫుడ్ బండి ఉండాది. సాయంత్రమయితే ఆ బండి చుట్టూ కాలేజీ పిల్లోళ్ళు, ఎర్రటి గోబీ, ఎర్రటి నూడుల్స్, ఎర్రటి చికెను. ఒకదాంట్లో ఒకటి కలిపేసినా ఎవరూ కనుక్కోలేరు. పిల్లోడు మంచోడే, కష్టపడేవాడే. మామ మాత్రం ఆ బండి కాడికి పోతే గమ్మున ఉండలేకపోయేవాడు.

"ఒరే, గోబీ తెల్లగుంటాది గదా. ఈ ఎరుపు యాడిదిరా?"

"రంగు నాయనా. రంగు లేకపోతే ఎవరూ తినరు."

"ఇంటికి పూసేది కడుపుకు పూస్తాండావు. పండగపండక్కు రెండో కోటింగు గూడా వేస్తావా?"

"నాయనా, గిరాకీ ఉండారు, కొంచెం అట్లా పో."

"పోతా. నీళ్ళ డ్రమ్ము యాడ?"

"డ్రమ్ము పెడితే బాటిల్లు ఎవరు కొంటారు నాయనా?"

మామ మర్నాడు సాయంత్రం ఇంట్లో నుంచి బిందె నెత్తిన పెట్టుకోనొచ్చి బండికి కొంచెం దూరంగా పేవ్‌మెంటు మీద కూర్చున్నాడు. కారానికి నోళ్ళు తెరిచి ఉఫ్ ఉఫ్ అనే పిల్లోళ్ళందరికీ గ్లాసుతో పోసినాడు. కొడుకు తలకాయ ఎత్తలేక గరిటె మీద కోపమంతా తీర్చుకున్నాడు. ఆ పొద్దు నూడుల్స్ తిన్నోళ్ళు చెప్పినారు, ముక్కలు బాగా తెగినాయని.

ఇంత నీళ్ళ పిచ్చి ఎందుకబ్బా ఈయనకు అని నేను చానా దినాలు అనుకున్నా. కళ్యాణదుర్గం రోడ్డులో ఒక పల్లెకు పోయిన పొద్దు అర్థమయింది.

ఆ పల్లెలో ఆయన పెట్టిన పాయింటు ఫెయిలయింది. లారీ రాత్రంతా దొలిచి బూడిద మాదిరి దుమ్ము పోసి పోయింది. తెల్లారి మామ నా ఆటో ఎక్కి "ఆ ఊరికి పోనీ" అన్నాడు.

"యేమిటికి మామా? నువ్వేమన్నా దుడ్లు వాపసిస్తావా?"

"దుడ్లు యాడుండాయి? ఊరికే పోయొద్దాం."

"తంతారు."

"తంతే నిన్ను గూడా తంతారులే. ఒక్కణ్ణే అని బాధపడాల్సిన పని లేదు."

పోయినాం. మామ ఆ ఇంటి ముందర కట్ట మీద కూర్చున్నాడు. రైతు బయటికొచ్చి చూసినాడు, మళ్ళా లోపలికి పోయినాడు. లోపల నుంచి ఆయన పెండ్లాం తిట్టు మొదలుపెట్టింది. నేను లారీ క్లీనరుగా పదిమందితో తిరిగినోణ్ణి, నాకు తెలియని తిట్లు కూడా ఉండాయని ఆ పొద్దు తెలిసింది. మామ తలకాయ వంచుకోని, కాలి బొటనవేలితో మన్ను గీకుతా కూర్చున్నాడు. ఆటో ఇంజను ఆపకుండా నేను నా జాగ్రత్తలో నేనుండా.

ఎంతసేపటికో ఆ రైతు తల్లి చెంబుతో నీళ్ళు తెచ్చి మామ పక్కన పెట్టింది. మొగం చూడకుండా పెట్టి, చూడకుండానే పోయింది. మామ చెంబెత్తినాడు. చుక్క మిగలకుండా తాగి, చెంబు కట్ట మీద బోర్లించి, లేచినాడు.

ఆటోలో చానా దూరం వచ్చినాక అన్నాడు: "తిట్టినారు గానీ నీళ్ళిచ్చినారు. ఇంగ ఆ ఊరికి నేను మళ్ళా పోవచ్చు."

ఏ బోరు ఎండినా ఆయన మర్నాడు ఆ ఇంటికి పోయేవాడంట. నీళ్ళియ్యని ఇల్లు ఒక్కటి గూడా తగల్లేదంట. నాకు ఇన్నేండ్లకు ఆ పొద్దు చెప్పినాడు. ఆయన అంత గొప్పోడని నేనేం అనను. దుడ్లు తీసుకునేవాడు, దుమ్ము లేపించేవాడు. మొగం చాటేసేవాడు మాత్రం కాదు.

సామికి మోకాళ్ళు అరిగి, హోటలు మూసి వాళ్ళ ఊరికి పోయినాడు. మూసే పొద్దు ఆయన మామ చేతిలో ఒక స్టీలు గ్లాసు పెట్టినాడు. అంచు కాడ చిన్న సొట్ట. మామ దాన్ని తెచ్చి నా ఆటోలో సీటు కింద పెట్టి "ఉండనీ" అన్నాడు.

ఆ జాగాలో కాఫీ షాపు వచ్చింది. దేశమంతా ఉండే షాపంట. పేరు చెప్పను, చెప్తే వాళ్ళకు ఉత్తపుణ్యానికి ప్రచారం. మొదట్లో బాగానే ఉండె, అబద్ధమాడకూడదు. మా స్టాండోళ్ళం పోయి తాగినాం కూడా. పాలు పాల మాదిరే ఉండె, కాఫీ కాఫీ మాదిరే ఉండె. ఊరు అలవాటు పడే దాకా అది. అలవాటు పడినాక పాలు పొడి అయినాయి, కప్పు పొట్టిదయింది, నురగ ఎత్తయింది. ఆ నురగ మీద ఆకు బొమ్మ ఒకటి. కింద కాఫీ లేకపోయినా పైన డ్రాయింగు ఉండాది. పఫ్ అని ఒకటి ఇస్తారు. ఎప్పటిదో దాన్ని పెట్టెలో పెట్టి టింగ్ అనిపిస్తారు. పైన నాలిక కాలతాది, లోపల ఆలుగడ్డ ఇంకా ఫ్రిజ్‌లోనే ఉంటాది. పిల్లోళ్ళు అయినా క్యూ కట్టి కొంటారు. వాళ్ళు తాగేకంటే ముందు ఫోనుకు తాపిస్తారు. ఫోనుకు నచ్చితే చాలు, వీళ్ళ నాలికకు నోరు లేదు.

బై టూ అడిగినా ఒకసారి. కుదరదన్నారు. ఉత్త కప్పు ఇమ్మంటే దానికి వేరే లెక్క అన్నారు. అనంతపురంలో బై టూ లేకుండా స్నేహాలు ఎట్లా పుడతాయో ఆ కంపెనీ వాళ్ళు చెప్పల్ల.

మామ కొన్ని దినాలు ఆ దిక్కే చూడలా. నా ఆటో వెనక సీట్లో కూర్చునేవాడు. ఇంతలో గుంతకల్లు దిక్కు నుంచి ఒక రైతు ఎవరితోనో కబురు పంపినాడు, ఫలానా దినం పొద్దున హోటల్లో మామను కలుస్తానని. ఆ రైతుకు హోటలు పోయిందని తెలీదు, కిటికీ పక్క బల్ల ఒక్కటే తెలుసు. మామ ఉతికిన తెల్లచొక్కా వేసుకోనొచ్చి "రారా, లోపల కూర్చుందాం. పాపం, వచ్చి ఎతుక్కుంటాడు" అన్నాడు.

లోపల చలి. కౌంటరులో టోపీ పెట్టుకున్న ఆడపిల్ల. కాఫీ అని చెప్తే "పేరు చెప్పండి తాతా" అన్నాది.

"యేమిటికమ్మా?"

"కప్పు మీద రాయాల."

"తాగి పారేసే దాని మీద నా పేరెందుకు? మా నాయన పెట్టిన పేరమ్మా అది. చెత్తబుట్టలో వేస్తావా?"

ఆ పిల్ల నవ్వి, కప్పు మీద తాత అని రాసుకుంది. అందుకే నేను కూడా ఆయన పేరు ఈడ రాయలా. ఆయన ఇయ్యనిది నేనెట్లా ఇస్తా?

కిటికీ పక్కన బల్ల లేదు. ఎత్తు స్టూలు ఉండాది. మామ దాని మీదికి ఎక్కినాడు. కాళ్ళు కింద ఆనలా. కాసేపు కౌంటరు దిక్కు చూసినాడు. నీళ్ళ కోసం అని నాకు తెలుసు. రాలా. కాఫీ చల్లారతాందేమో అని కాదు, రైతు వచ్చేలోగా తాగేద్దామని ఆ పొద్దు మొదటిసారి నీళ్ళు లేకుండా కప్పెత్తినాడు. ఎట్లా ఎత్తినాడు? జానెడు పైకి. ఇంతకాలం ఎత్తినట్టే. మూతకు బొక్క ఉండాదని ఆయన చూసుకోలా. ధార రాలేదని ఇంకొంచెం వంచినాడు. మూత ఊడి, కాఫీ అంతా నురగతో సహా మొగం మీద, తెల్లచొక్కా మీద.

పక్క బల్ల పిల్లోళ్ళు నవ్వినారు. ఒకడు ఫోను ఎత్తినాడు. నేను వాని దిక్కు చూసిన చూపుకు దించినాడు.

మామ చొక్కా చూసుకోని, గమ్మున కౌంటరు కాడికి పోయి "ఒక గ్లాసు నీళ్ళియ్యమ్మా" అన్నాడు.

"ఫ్రిజ్‌లో బాటిల్ ఉండాది తాతా, తీసుకోండి. బిల్లేస్తా."

"కొనేది కాదమ్మా. ఊరికే తాగేది."

"అట్లా ఇయ్యరు తాతా. రూలు."

"నీది యే ఊరమ్మా?"

"వజ్రకరూరు పక్కన."

"వాన పడితే మీ చేలల్లో వజ్రాలు ఎతుకుతారు గదా జనం?"

"ఊ."

"యాడాడి నుంచో వచ్చి మీ చేను తొక్కి ఎతుకుతారు. వాళ్ళొచ్చి దాహమంటే మీ అమ్మ ఏమిస్తాది?"

మెడలో కార్డు వేసుకున్న మేనేజరు వచ్చినాడు. "ప్రాబ్లెమ్ ఏంటండీ? ఇక్కడ ఫ్రీ వాటర్ లేదండీ. మీరు కొంచెం పక్కకి జరిగితే వెనక కస్టమర్స్ ఉన్నారు."

మామ పక్కకు జరగలా. ఆయన గొంతు పెద్దది చేసేది నేను ఎప్పుడూ వినలా, ఆ పొద్దు గూడా చేయలా. "బోరు ఎండిన ఇంట్లో గూడా నాకు నీళ్ళిచ్చినారు నాయనా," అన్నాడు. "నేను ముంచిన ఇంట్లో. మీకు నేనేం చేసినా?"

"ఏ బోరండీ?" అన్నాడు మేనేజరు.

నేను మామ చెయ్యి పట్టుకున్నా. ఇంకొంచెం సేపుంటే నేనే ఏదో ఒకటి చేసేవాణ్ణి. ఆయన చెయ్యి చల్లగా ఉండె, ఆ ఏసీకి.

బయటికొస్తే పక్క బీడీ అంగడోడు చెప్పినాడు. ఒక రైతు వచ్చి, గాజు తలుపు కాడ నిలబడి, చెప్పులిడవాల్నా వద్దా అని లోపలికి తొంగి చూసి, ఇది కాదులే అనుకోని తిరిగి బస్టాండు దిక్కు పోయినాడంట. ఆటో వేసుకోని ఎతికినాం. దొరకలా.

ఆ దినం తర్వాత మామ యాడా కాఫీ తాగలా. "ఇంట్లో చెప్పొద్దురా" అన్నాడు. కాఫీకి పోతాండా అని ఇంట్లో చెప్పి రోజూ వచ్చేవాడు, నా ఆటోలో కూర్చునేవాడు. సీటు కింది నుంచి సొట్ట గ్లాసు తీసి, నా క్యానులో నీళ్ళు పట్టుకోని తాగేవాడు, ఎదురుగ్గా ఉండే గాజు తలుపు చూస్తా. రైతులు రాను రాను తగ్గినారు. ఎవరో యాప్‌లో చూసి పాయింటు పెడతాండారంట. పెట్టనీ. బోరు ఎండిన మర్నాడు ఆ యాప్ వచ్చి కట్ట మీద కూర్చుంటాదేమో చూద్దాం.

ఈ సంగతంతా కొడుకుకు తెలీదు. అందుకే మూడో దినం పాపం, నాయన రోజూ కాఫీ తాగే చోటు నుంచే తేవల్లని పొద్దున్నే పోయి, కప్పు మీద నాయన పేరు చెప్పి రాయించి మరీ తెచ్చినాడు. "ఆడ కాఫీ అంటే నాయనకు ప్రాణం అన్నా," అని నాతోనే చెప్పినాడు.

ఆకు పెట్టినారు. చెంబుతో తెచ్చిన నీళ్ళు ఆకు చుట్టూ తిప్పి మట్టిలో పోసేసినారు. తాగేదానికని కొడుకు బండి మీది నీళ్ళ బాటిలు ఒకటి పెట్టినాడు, సీలు తియ్యకుండా. కాఫీకి మూత, నీళ్ళకు మూత. మేమంతా దూరంగా వేపచెట్టు నీడకు వచ్చి నిలబడినాం.

కాకి వచ్చింది. సమాధి మీద వాలింది. ఉగ్గాని చూసింది, బజ్జి చూసింది, ఎగిరి గోడ మీద కూర్చుంది. మళ్ళా వచ్చింది. మళ్ళా పోయింది.

ఎండ నెత్తికెక్కతాంది. చుట్టాలకు భయం పట్టుకుంది. "మనసులో ఏదో పెట్టుకోని పోయినాడబ్బా," అన్నాడొకాయన. ఇంగ మొక్కుబళ్ళు మొదలయినాయి. "మనవరాల్ని బాగా చదివిస్తామని చెప్పరా." కొడుకు చెప్పినాడు. కాకి కదల్లా. "చేను ఎప్పటికీ అమ్మమని చెప్పు." చెప్పినాడు. కాకి రెక్క గోక్కుంది. "మూత తియ్యండప్పా, కాకికి స్ట్రా ఇచ్చినారా ఏమన్నా?" అని నేనన్నా. కొడుకు ఉరికిపోయి కాఫీ మూత తీసినాడు. కాకి వచ్చి కప్పులోకి తొంగి చూసి, ఈసారి గోడ కంటే దూరంగా పోయి కరెంటు తీగ మీద కూర్చుంది.

కొడుకు మొగం చూడలేకపోయినా. "నేనేం తక్కువ చేసినానన్నా నాయనకు?" అంటాండాడు. వాణ్ణి అట్లా వదిలేసి పోయేవాడా మామ? ఆయన సంగతి నాకు తెలుసు. వరస తప్పింది, అంతే.

ఆటో కాడికి పోయినా. సీటు కింద నుంచి సొట్ట గ్లాసు తీసి, కడిగి, నా క్యానులోవి నీళ్ళు నిండా పట్టినా. తెచ్చి ఆకు ముందర, అన్నిటికంటే ముందర, టక్కుమని పెట్టినా. వచ్చి మళ్ళా నీడలో నిలబడినా.

కాకి తీగ మీద నుంచి దిగింది. గ్లాసు అంచు మీద కూర్చోని, ముక్కు ముంచి, తలకాయ పైకెత్తి తాగింది. ముంచేది, ఎత్తేది. ఎత్తి తాగేది.

"కాఫీ ముట్టలేదే అమ్మా," అన్నాడు కొడుకు, ఇంకా భయంగానే.

మామ పెండ్లాం, మా అత్త, అప్పటిదాకా ఏడ్చలా. కొంగు నోటికి అడ్డం పెట్టుకోని "ముందు నీళ్ళు తాగనీరా," అన్నాది.

అందరూ పోయినాక ఆ కప్పు నేను తీసుకున్నా. ఆయన పేరున్న కప్పు ఆ మట్టిలో నలిగేదానికి నాకు మనసొప్పలా. అంచు కాడ పేరున్న ముక్క చించి జేబులో పెట్టుకోని, మిగిలింది తీసకపోయి ఆ షాపు కౌంటరు మీద పెట్టినా. ఆ పిల్లే ఉండాది, టోపీతో.

"ఏమయిందన్నా? రీఫండ్ రాదు."

"రీఫండ్ వద్దమ్మా. ఈ కాఫీ తాతకు పెట్టినారు, వద్దన్నాడు. ఇచ్చి పోదామని వచ్చినా."

"ఏ తాత?" అన్నాది. చినిగిన కప్పు చూసింది, నా ఆటో ఖాకీ చొక్కా చూసింది, గుర్తుపట్టింది. నేను పోయి కిటికీ పక్క ఎత్తు స్టూలు మీద కూర్చున్నా. నా కాళ్ళు కూడా కింద ఆనలా. మేనేజరు లోపల యాడనో ఫోనులో ఉండాడు.

ఆ పిల్ల కౌంటరు కిందికి వంగి తన బ్యాగులో నుంచి ఇంటి నుంచి తెచ్చుకున్న బాటిలు తీసింది. పని చేసే వాళ్ళకు గూడా ఆడ నీళ్ళియ్యరంట. ఒక కాగితం కప్పు తీసుకోని నా కాడికి వచ్చింది. పోసే ముందు తలకాయెత్తి పైన కెమెరా యాడుండాదో చూసుకుంది. దానికి వీపు పెట్టి నిలబడి, కప్పు కడుపుకు ఆనించుకోని, గబగబ పోసి నా ముందుకు తోసింది.

"తొందరగా తాగన్నా," అన్నాది గుసగుసగా.

దొంగసారాయి పోసినట్టు పోసింది మామా. నీళ్ళు.